సగం సిగరెట్

మా ఆయన దుర్గాప్రసాద్ నడుముకి ఆపరేషన్ చేయాలంటే ముందు సిగరెట్ మానాలన్నాడు డాక్టరు. ఆ మాట విని నేను లోలోపల సంతోషించాను. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మొత్తుకుంటే వినని మనిషి, మెళ్ళో గొట్టం వేసుకున్నవాడు ఒక్కసారి చెప్పేసరికి బుద్ధిగా తలూపాడు మరి.

వరికోత మిషను తోలి తోలి ఆయన వెన్నుపూసలు అరిగిపోయాయి. నాలుగేళ్ళుగా కూర్చుంటే నొప్పి, పడుకుంటే నొప్పి. ఎడమ కాలు ఎప్పుడూ తిమ్మిరే. నొప్పి లేచినప్పుడల్లా ఒక సిగరెట్ ముట్టించి, ఇది లేకపోతే ఎప్పుడో చచ్చేవాణ్ణి అనేవాడు. గవర్నర్‌పేట ఆస్పత్రిలో డాక్టరు అది వట్టి భ్రమని కొట్టిపారేశాడు. పొగ వల్ల నొప్పి పెరుగుతుందే గానీ తగ్గదట. పొగ తాగేవాడి ఎముక సరిగ్గా అతకదట, స్క్రూలు బిగించినా వదులైపోతాయట. నెలన్నర మానేసి వస్తే మూత్రపరీక్ష చేస్తాననీ, అందులో పొగాకు జాడ లేకపోతేనే ఆపరేషన్‌కి తేదీ ఇస్తాననీ తేల్చేశాడు. కాలి నరం నలిగిపోతోందనీ, ఆలస్యం చేస్తే ఆ కాలు ఇక మాట వినదనీ కూడా చెప్పాడు.

అక్కడ జెస్సికా అని ఒక అమ్మాయి ఉంది. ఇలాంటి నొప్పులవాళ్ళ చేత సిగరెట్ మాన్పించడమే ఆ పిల్ల ఉద్యోగం. నొప్పి లేవగానే చెయ్యి జేబులోకి పోతుంది చూడండి, ఆ కాసేపూ దాటించడమే అసలు పని అంది. వేన్నీళ్ళ సంచి పెట్టుకోవడం, లవంగం బుగ్గన పెట్టుకోవడం, గేటు దాకా నాలుగడుగులు వెయ్యడం నేర్పింది. కలిసి తాగేవాళ్ళు ఎవరైనా ఉంటే కొన్నాళ్ళు వాళ్ళకి దూరంగా ఉండమంది.

ఆయనతో కలిసి తాగేది ఒక్క మనిషే, మా బావగారు తిరుపతిరావు. కంకిపాడు దగ్గర మా ఊళ్ళో వీధికి ఆ చివర వాళ్ళిల్లు, ఈ చివర మాది. పొద్దు వాలాక అన్నదమ్ములిద్దరూ కాలవ గట్టున చేరి ఒకే సిగరెట్ పంచుకునేవాళ్ళు. అన్న సగం తాగి తమ్ముడికిచ్చేవాడు. మీసాలు రానినాటి అలవాటు అది.

నేను ఆపేశాను. గేటుకి తాళం వేశాను. ఇంట్లో ఉన్న ఒక్క అగ్గిపెట్టెనీ కొంగున ముడేసుకుని తిరిగాను. కిళ్ళీకొట్టుకి వెళ్ళి, మా ఆయనకి సిగరెట్ అమ్మితే నీ కొట్టు ముందు చాప వేసుకుని కూర్చుంటానని చెప్పొచ్చాను. నా పేరు సామ్రాజ్యం. ఊళ్ళో సామ్రాజ్యం అంటే గయ్యాళి అన్నారు. అననీ, నాకేం పోయింది? మొదట్లో గోడకి తల బాదుకుని నన్ను నానా బూతులూ తిట్టిన మనిషి, నెల తిరిగేసరికి పులుసు రుచి తెలుస్తోందన్నాడు. నొప్పి కూడా కాస్త దిగిందన్నాడు. బావగారు రెండుసార్లు గేటు దాకా వచ్చి పిలిచారు. పడుకున్నారండీ అని చెప్పి పంపేశాను.

పరీక్షకి ఇంకా నాలుగు రోజులుందనగా బావగారు పోయారు. ధాన్యం కాటా దగ్గర కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గుండె అన్నారు. ఆయనకి కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. అందుకని తలకొరివి మా ఆయనే పెట్టాడు. శవం దగ్గర మా తోడికోడలు రావమ్మ ఒకటే మాట పట్టుకుని ఏడ్చింది. ఆఖరి నెలన్నరా తమ్ముడు మా గడప తొక్కలేదనీ, అన్న వెళ్ళి గేటు పట్టుకుని నిలబడి తిరిగొచ్చాడనీ. అందులో అబద్ధమేమీ లేదు. నేనే ఆపాను, ఇప్పుడైనా ఆపుతాను.

మూడోనాడు చిన్నదినం. ఆ మర్నాడే ఆస్పత్రిలో పరీక్ష. మైలలో ఉన్నవాడు ఊరు దాటి ఎలా వెళ్తాడని ఎవరో సణిగితే, మూత్రపరీక్షకీ మైలకీ సంబంధమేమిటని గసిరాను.

కాలవ గట్టున అరిటాకు పరిచి బావగారికి ఇష్టమైనవన్నీ పెట్టారు. గారెలు, కోడికూర, చేపల పులుసు, గ్లాసులో బ్రాందీ, పక్కన ఆయన తాగే రకం సిగరెట్ పెట్టె. మా ఆయన తడి పంచెతో, నడుం మీద చెయ్యేసుకుని, పళ్ళు బిగించి నేలమీద కూర్చున్నాడు. కాకులు ఎదురుగా కరెంటు తీగ మీద బారుతీరి ఉన్నాయి గానీ ఒక్కటీ దిగలేదు. పోయినవాడికి ఏదో కోరిక ఉండిపోయిందన్నాడు మా చినమామగారు హనుమయ్య. నీ కూతుర్ని మేం చూసుకుంటామని ఒకరు, నీ చేను బీడు పడనివ్వమని ఒకరు కాకులకి వినపడేలా మాటిచ్చారు. కాకులు కదల్లేదు.

అప్పుడు రావమ్మ లేచింది.

"ఆయనకేం కావాలో నాకు తెలుసు. సగం ఆయన, సగం తమ్ముడు. అది లేకుండానే పోయాడు. వెలిగించు ప్రసాదూ. సగం నువ్వు తాగి సగం మీ అన్నకి పెట్టు."

"రేపు పరీక్షుంది వదినా," అన్నాడు మా ఆయన.

"మీ అన్నకి ఇంక ఏ పరీక్షలూ లేవుగా."

ఆయన నోట పెట్టకుండానే వెలిగించి ఆకులో పెడదామని, నేను చటుక్కున పెట్టెలోంచి ఒకటి లాగి ఆకు పక్కనున్న దీపం మంటకి పట్టాను. కొస నల్లబడి, కాలవ గాలికి ఆరిపోయింది. పీల్చేవాడు లేనిదే అది అంటుకోదని నాకేం తెలుసు? వెనక ఎవరో నవ్వారు కూడా. ఒక్కదానికేం కాదులేవే అన్నాడు హనుమయ్య మామయ్య. జన్మంతా తాగినవాడికి ఇదొకటి లెక్కా అన్నారింకొకరు. కాలు పోతుందయ్యా అని నేను గొంతు పెంచితే, కర్మ దగ్గర ఆడది అరవకూడదని రెక్క పట్టుకుని వెనక్కి లాగారు.

మా ఆయన నా వంక చూడలేదు. వెలిగించాడు. మొదటి గుక్కకి దగ్గొచ్చింది, రెండోదానికి రాలేదు. సగం తాగి ఆకు అంచున పెట్టాడు. కాకి రాలేదు. ఇంకోటి వెలిగించమంది రావమ్మ. అదీ అయింది. మరోటన్నది. పొగ లేచే చోట ఏ పిట్టయినా వాలుతుందా అని నేను అంటూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. పెట్టె ఖాళీ అవుతున్నకొద్దీ ఆయన మొహంలో బిగువు సడలింది, కళ్ళు మూసుకున్నాడు. నాలుగేళ్ళలో ఆ మొహాన్ని అంత హాయిగా నేను చూడలేదు.

చివరికి పురోహితుడు ఫోను తీసి టైము చూసుకున్నాడు. ఆయనకి పెనమలూరులో ఇంకో కార్యం ఉందట. కాకి రాకపోతే కాలవలో కలిపెయ్యొచ్చమ్మా, చేప ముట్టినా ముట్టినట్టే అన్నాడు. ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా అన్నాను. ఎవరూ అడగలేదుగా అన్నాడు. ఆకు ఎత్తి కాలవలో వదిలేసి అందరూ కాళ్ళు కడుక్కున్నారు.

మర్నాడు పరీక్షలో పొగాకు కనపడింది. కాకి సంగతి చెబితే డాక్టరు నవ్వాడు. పక్కనున్న నర్సుకి చెప్పి మళ్ళీ నవ్వాడు. మళ్ళీ నెలన్నర మానేసి రమ్మన్నాడు. జెస్సికా నవ్వలేదు. ఒకసారి జారితే మునిగిపోయినట్టు కాదండీ, ఇవాళ్టి నుంచే మళ్ళీ మొదలుపెడదాం అంది. మంచి పిల్ల. ఆ మాట చెప్పడానికి బయటికి వచ్చేసరికి మా ఆయన ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని తాగుతున్నాడు. చేతిలోది లాక్కోబోయాను.

"నువ్వు మాన్పించిందీ నా కోసం కాదు, వదిన తాగించిందీ అన్నయ్య కోసం కాదు. మీ పంతాల మధ్య విరిగింది నా నడుం. వదిలెయ్ నన్ను," అన్నాడు.

కర్మ చేసేవాడు పదకొండు రోజులూ చాప మీదే పడుకోవాలి. పరుపు వేస్తానంటే రావమ్మ ఒప్పుకోలేదు, ఆయనా ఒప్పుకోలేదు. పెద్దకర్మ నాటికి ఎడమ పాదం పైకి లేవడం మానేసింది. చెప్పు జారి వీధిలో ఉండిపోయినా ఆయనకి తెలియలేదు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని గట్టు దాకా ఈడ్చుకొచ్చారు.

మళ్ళీ ఆకు, మళ్ళీ గారెలు, మళ్ళీ కొత్త సిగరెట్ పెట్టె. ఈసారి మా ఆయన చెయ్యి చాపేలోపే కాకి దిగింది. సిగరెట్ పెట్టె వంక చూడనైనా చూడలేదు. గారె ముక్క నోట కరుచుకుని పోయింది. దాని వెనకే ఇంకోటి వచ్చి కోడికూరలో మూతి పెట్టింది. అందరూ దణ్ణాలు పెట్టుకున్నారు. ఆ రోజు తమ్ముడు తాగబట్టే ఇవాళ తృప్తిగా వచ్చాడని రావమ్మ కళ్ళొత్తుకుంది.

నేను ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"అక్కా, బావగారికి ఇంకేమైనా ఇష్టమా? ఈ కాలు కూడా ఆకులో పెట్టమంటావా?"

రావమ్మ మా ఆయన పాదం వంక చూసింది. తర్వాత నాకు మాత్రమే వినపడేట్టు వంగింది.

"గేటుకి తాళం వేసిన రోజు నన్నడిగావా సామ్రాజ్యం?"

ఇంటి దగ్గర వడ్డనలు మొదలయ్యాయని ఎవరో కేకేశారు. జనం అటు నడిచారు, రావమ్మా నడిచింది. లేపే మనిషి లేక మా ఆయన అక్కడే నేలమీద ఉండిపోయాడు. కొత్త పెట్టె విప్పి ఒకటి నోట్లో పెట్టుకుని, నావైపు చెయ్యి చాపాడు. అగ్గిపెట్టె ఇంకా నా కొంగునే ఉంది. ముడి విప్పి ఇచ్చాను.