సంచితో సహా

అక్క మట్టి జల్లిస్తోంది. తెల్లవారి గంటైంది. నర్సరీకి వచ్చేవాళ్లంతా ఆమెను అక్క అనే పిలుస్తారు. నిజానికి ఆమె ఒక్కడికే అక్క, ఈ నర్సరీ యజమానికి. జల్లెడను ఎడమకు రెండుసార్లు, కుడికి ఒకసారి ఊపుతుంది. పాతికేళ్ల అలవాటుకు కుడి భుజం కాస్త కిందికి దిగింది. వేళ్ల గీతల్లోని మట్టి ఎంత రుద్దినా పోదు.

ఈరోజు జల్లెడలో ఉన్నది మొక్కలకు నింపే మట్టి కాదు. పెరట్లో మూడేళ్ల కిందట పెట్టిన నిమ్మమొక్క ఎండిపోతే, నిన్న పీకేసిన గుంటలోది. ఆ ఏడే తమ్ముడు మొక్కలు పెంచడానికి కొత్తరకం సంచులు తెచ్చాడు. చూడ్డానికి ప్లాస్టిక్కే, కానీ మట్టిలో కలిసిపోతుందని వాటి మీద అచ్చువేసి ఉంది. "సంచితో సహా పాతెయ్యండి" అని కొన్న ప్రతివాళ్లకూ ఆమే చెప్పింది, నిమ్మమొక్కనూ అలాగే పాతింది. ఆమె చెబితే నమ్ముతారు.

రాళ్లు, వేర్లు జల్లెడలో నిలిచాయి. సంచి నిలవలేదు. కింద రాలిన మట్టిలో తెల్లటి నలుసులై కనిపించింది. వేలితో నలిపితే అవి ఇంకా చిన్నవయ్యాయి, అంతే. ఒకప్పుడు ఈ పెరట్లో గుప్పెడు మట్టి తీస్తే వానపాము తగిలేది. నిన్న గుంటంతా తవ్వినా ఒక్కటీ లేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఆమెకు తెలియదు. తెలియకుండానే ఇంతమందికి చెప్పింది.

సీసాలో గుప్పెడు మట్టి వేసి, నీళ్లు పోసి గిలకొట్టి, కిటికీ అంచున పెట్టింది.

తమ్ముడు వచ్చి చూశాడు. "పొద్దున్నే ఏంటక్కా ఈ ప్రయోగాలు? పదోక్లాసు తప్పిన సైంటిస్టువి నువ్వొక్కదానివే."

"సంచి పోలేదురా."

"కంటికే ఆనడం లేదు. ఇంక ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

"కనపడకపోతే లేనట్టేనా?"

"ఇవాళ టీచరమ్మ వస్తుంది. బడికి మూడొందల మొక్కలు. ఆవిడ ముందు ఆ సీసా తియ్యకు."

టీచరు పదింటికి వచ్చింది. ఆకులు తిరగేసి చూసి, తమ్ముడిని వదిలి ఆమెనే అడిగింది.

"అక్కా, పోయినసారిలాగే సంచితో పెట్టించెయ్యనా?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె తన గోళ్ల వైపు చూసుకుంది.

"చింపి, ముక్కలన్నీ ఏరి, అవతల పడెయ్యండి."

"కలిసిపోతుందన్నారు కదా?"

"చిన్నదవుతోందమ్మా. పోవడం లేదు."

టీచరు చేతిలోని ఆకు వదిలేసింది. "నిరుడు పిల్లల కూరగాయల మడి అంతా అలాగే పెట్టించాం. మీరు చెప్పారనే," అంది. మొక్కలు తీసుకోకుండానే వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మరదలు రెండు కంచాలు పెట్టి, ఆమెను చూసి మూడోది తెచ్చింది. కోపంతో కాదు, మరిచిపోయి. తమ్ముడు తలెత్తకుండా అన్నాడు: "సాయంత్రం టీచరమ్మకి ఫోన్ చేసి, పొరపాటున అన్నానని చెప్పు. చెప్పలేనంటే రేపట్నుంచి జల్లెడ ముట్టుకోకు."

ఆమె తిన్న కంచం కడిగి బోర్లించింది.

వాళ్లు కునుకు తీస్తున్న వేళ రెండు చీరలు చేతిసంచిలో పెట్టుకుంది. వాటి మీద చిన్న పార పెట్టింది. జల్లెడ దులిపి మేకుకు తగిలించింది. చప్పుడు కాకుండా చెప్పులు చేతిలో పట్టుకుని గుమ్మం దాటింది. రోడ్డు మీదికొచ్చాక వేసుకుని, బడి ఉన్న వైపు తిరిగింది.

కిటికీ అంచున సీసా అలాగే ఉంది. మట్టి ఎప్పుడో అడుగుకు చేరింది. దాని మీద వెంట్రుకంత మందాన తెల్లటి పొర, కలవకుండా, విడిగా.