పిల్లల వాలు మీది మంచు

శుక్రవారం పొద్దున మోరాగ్ బండి దిగేసరికి పిల్లల వాలు మీద మంచు గుట్ట లేదు.

నిన్న సాయంత్రం వరకూ అక్కడ ఇంటికప్పు ఎత్తున ఉంది. ఇప్పుడు ఎండిన గడ్డి తుప్పలు, బురద, ఆ బురదలో మంచు చదును చేసే బండి పట్టాల జాడలు. జాడలు నేరుగా పక్కనే స్కీ పందేలు జరిగే పందెం వాలు కేసి పోయాయి.

"డూగల్డ్!"

చదును బండి నడిపే డూగల్డ్ షెడ్డు గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు. ఆ కేకకు కప్పు తొణికింది.

"కొడితే కొట్టు తల్లీ, ముందీ టీ తాగనీ."

"ఎవరు తియ్యమన్నారు?"

"ఇంకెవరు, క్లైవ్. పందెం వాలు అడుగున రాళ్ళు తేలాయట. రేపు పందెంలో అన్ని దేశాల వాళ్ళ ముందూ పరువు పోతుందట."

"నీ చేతుల్తోనే తోశావా?"

"చేతుల్తో కాదు, బండితో," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు. "ఉద్యోగం మోరాగ్. పొమ్మంటే ఎక్కడికి పోను? నువ్వయితే ఏం చేసేదానివి?"

"ఆ టీ వాడి నెత్తిన పోసేదాన్ని."

భూమికి ఈ దక్షిణపు కొసన జూన్‌లోనే చలికాలం. ఆ ఏడాది జూన్ సగం గడిచినా ఆకాశం నుంచి ఒక్క రేకు మంచు రాలలేదు. కొండ మీద తెల్లగా ఉన్నదంతా మోరాగ్, ఆమె మనుషులు యంత్రాలతో చిమ్మించినదే. చలి ముదిరినప్పుడల్లా నీళ్ళ గొట్టాలు తిప్పి, ప్రతి యంత్రం ముందూ నిలబడి, పడే మంచును కోటు చేతి మీద పట్టి చూడాలి. ఎగిరిపడితే మంచిది, అంటుకుంటే తడి ఎక్కువైనట్టు. అలా పట్టి పట్టి ఆమె కుడి మణికట్టు నెలంతా నీలంగానే ఉంది. పందెం వాలు అయ్యాకే పిల్లల వాలుకు యంత్రాలు తిప్పింది. ఆ గుట్ట కింది ఊరి బడి పిల్లలది. ఈ కొండ మీది హోటల్లో పక్కలు వేసేవాళ్ళ, గిన్నెలు కడిగేవాళ్ళ, లిఫ్టులు తిప్పేవాళ్ళ పిల్లలు వాళ్ళు. టిక్కెట్టు కొని ఎక్కగలిగిన ఇల్లు వాళ్ళలో ఒక్కటీ లేదు. ఏడాదికొక వారం బడి తరఫున ఎక్కుతారు, అదే వాళ్ళ స్కీయింగ్. ఆ వారం సోమవారం మొదలు. ఆదివారం నుంచి వాయవ్యపు వెచ్చగాలి వీస్తుందని రేడియో చెబుతోంది. ఆ గాలిలో యంత్రం తిప్పితే వచ్చేది వాన. అంటే ఆ గుట్ట పోతే పిల్లల వారం పోయినట్టే.

ఇదంతా మేనేజరు క్లైవ్‌కు తెలుసు. బడి హాల్లో పిల్లల ముందు నిలబడి, "ఆకాశం కురిసినా కురవకపోయినా మీ వాలు మీకు తెల్లగా ఇస్తాను" అని చెప్పింది అతనే. పిల్లలు బల్లలు చరిచారు. మోరాగ్ కూడా చప్పట్లు కొట్టింది. ఇప్పుడా చప్పట్లు తలచుకుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

క్లైవ్ కెఫేలో ఉన్నాడు. బయటి దేశాల కోచ్‌లతో కూర్చుని చీజ్ స్కోన్ రొట్టె తింటున్నాడు.

"పిల్లల మంచు ఎక్కడండీ?"

"రా అమ్మా మోరాగ్, కూర్చో, కాఫీ తాగు."

"కాఫీ సంగతి అడగలేదు నేను."

"అప్పు తీసుకున్నాననుకో. రేపు సాయంత్రం పరుగులు అయిపోగానే డూగల్డ్ చేత మొత్తం వెనక్కి తోయిస్తా. సోమవారానికి సిద్ధం."

"మాటేనా?"

"మాటే."

"ఇంతమంది విన్నారు," అని కోచ్‌లందరి మొహాలూ ఒకసారి చూసి మోరాగ్ బయటికి వచ్చేసింది. నమ్మిందా అంటే, నమ్మాలనుకుంది. మర్నాటి పరుగులకు, ఆటగాళ్ళు స్కీల మీద దాటాల్సిన జంట కర్రల గేట్ల దగ్గర కూర్చుని, ఏ ఆటగాడు ఏ గేటు తప్పాడో రాసేది ఊరి స్కీ క్లబ్బు వాళ్ళే. వాళ్ళకు పెద్ద మోరాగే. చేస్తానన్న పని చెయ్యకపోవడం ఆమెకు చేతకాదు.

శనివారం మొదటి పరుగు బాగానే సాగింది. బెర్నడెట్ కొడుకు కీరన్ బయటి వాళ్ళను చాలామందిని దాటి మూడో స్థానంలో నిలిచాడు. బెర్నడెట్ హోటల్లో పక్కలు వేస్తుంది, బడిలో మోరాగ్‌తో ఒకే బెంచీ మీద చదువుకుంది. ఆరో గేటు దగ్గర కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. "చూశావుటే? మనవాడే! ఆ బొమ్మల్లాంటి బట్టలవాళ్ళు మావాడి వీపు చూశారు!"

రెండో పరుగుకు గేట్లు మార్చి పాతుతుండగా జపాన్ కోచ్ షిగెనో మోరాగ్ దగ్గరికి వచ్చి తల వంచాడు. "మీ మంచు చాలా గట్టిగా ఉంది, అమ్మా. వచ్చే వారమంతా ఈ వాలు మా జట్టుకే ఇచ్చారు, మా అదృష్టం."

"ఎవరిచ్చారు?"

"క్లైవ్ గారు. నిన్న రాత్రి మాట అయింది."

ఆయన తప్పేం లేదు. ఆయన నవ్వు మొహానికి తల ఊపి మోరాగ్ కిందికి దిగింది. గమ్యపు గీత దగ్గర క్లైవ్ ఎవరితోనో ఫొటో దిగుతున్నాడు.

"నిన్న పొద్దున నాకు మాటిచ్చి, రాత్రికి వాలు అమ్ముకున్నావా?"

అతను ఆమెను పక్కకు లాగాడు. "మెల్లగా మోరాగ్. కొండ మీద వ్యాపారం నడవాలా వద్దా? పిల్లలకేం, వచ్చే ఏడాది వస్తారు. సోమవారం వాళ్ళందరినీ ఇక్కడే కంచె వెనక నిలబెట్టి జట్టు సాధన చూపిద్దాం. వేడి చాక్లెట్ నా లెక్క. సంతోషిస్తారు."

"చూసి సంతోషిస్తారా?"

"పిల్లలు కదా."

మోరాగ్ వాలు పక్కనే పైకి నడిచింది. ఒక్కొక్క గేటు దగ్గరా ఆగి సంగతి చెప్పింది. చెప్పిన చోటల్లా ఒకరు గేటు కాపలాదారు తొడిగే పసుపుపచ్చ చొక్కా విప్పి మంచు మీద పడేశారు. పిల్లలు లేని ముసలి టామ్ కూడా విప్పాడు. "నాకు వేడి చాక్లెట్ ఇస్తానన్నా విప్పేవాణ్ణే," అన్నాడు.

ఆరో గేటు దగ్గర బెర్నడెట్ కదలలేదు.

"నా కొడుకు మూడో స్థానంలో ఉన్నాడే."

"తెలుసు."

"వాడికిలాంటి రోజు మళ్ళీ వస్తుందా? రెండో పరుగు లేకపోతే మొదటిది కూడా లెక్కలోకి రాదు. ఆ దొంగ మీద కోపం నా బిడ్డ మీద తీర్చుకుంటావా?"

"నీ చిన్నది కూడా ఆ బడిలోనే ఉంది, బెర్నీ."

"నా చిన్నదాని సంగతి నాకు చెప్పకు!"

మోరాగ్ ఆమెను అక్కడే వదిలి, మిగిలినవాళ్ళతో కిందికి వచ్చింది.

గేట్ల దగ్గర మనుషులు లేకుండా పరుగు మొదలుపెట్టకూడదని పందెం పెద్దలు తేల్చేశారు. పైన ఆటగాళ్ళు పలచటి బట్టల్లో చలికి గెంతుతున్నారు. క్లైవ్ మొహం ఎర్రబడింది. "ఇది బెదిరింపు! సరే, సాయంత్రం తోయిస్తా, పొండి, కూర్చోండి."

"నీ మాట నాకొద్దు. మైకులో చెప్పు. వచ్చే వారం ఈ మంచు ఎవరిదో అందరికీ వినిపించాలి."

"అంతమందిలో నన్ను..."

"బడి హాల్లో ఇంతకంటే ఎక్కువమందే ఉన్నారు."

క్లైవ్ చాలాసేపు గింజుకున్నాడు. పందెం పెద్ద వచ్చి, ఇక రద్దు చేసేస్తామన్నాక మైకు అందుకున్నాడు. ఈ సాయంత్రం మంచు పిల్లల వాలుకు వెళుతుందని, జపాన్ జట్టుకు ఇచ్చినది వెనక్కి తీసుకుంటున్నానని పళ్ళు బిగించి చెప్పాడు. షిగెనో బిత్తరపోయి మోరాగ్ వైపు చూశాడు. చూసి మళ్ళీ తల వంచాడు. ఆ వంగడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

క్లబ్బు వాళ్ళు చొక్కాలు తొడుక్కుని ఎవరి గేటుకు వాళ్ళు వెళ్ళారు. అప్పటికే కీరన్ కాళ్ళు చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. బయలుదేరడమే ఆలస్యంగా బయలుదేరాడు, మధ్యలో ఒక మలుపులో జారి చెయ్యి ఆనించాడు. పడలేదు, ఏ గేటూ తప్పలేదు. తొమ్మిదో స్థానం.

సాయంత్రం డూగల్డ్ బండి మంచును పిల్లల వాలు మీదికి తోస్తుంటే మోరాగ్ వెనకే నడిచింది. ఎవరి మీదా నమ్మకం లేదు ఆమెకు, డూగల్డ్ మీద కూడా. "వెళ్ళి వెచ్చగా కూర్చోవచ్చుగా? నేను దారి తప్పనులే," అని అతను బండి కిటికీలోంచి అరిచాడు. ఆమె అడుగు ఆపలేదు.

బెర్నడెట్, కీరన్ స్కీలు భుజాన వేసుకుని ఆ పక్కనుంచే వెళ్ళారు. కుర్రాడు తల దించుకున్నాడు. బెర్నడెట్ ఆగింది.

"అరగంట నిలబెట్టావు వాణ్ణి చలిలో."

"నిలబెట్టాను."

"సోమవారం మా చిన్నది వస్తుంది. నేను రాను," అని వెళ్ళిపోయింది.

మోరాగ్ ఆమె వీపు వైపు చూస్తూ ఉండగా క్లైవ్ వచ్చాడు. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, ఏమీ జరగనట్టే ఉన్నాడు. "పోనీలే, మంచికే జరిగింది. సోమవారం పత్రిక వాళ్ళను పిలుస్తున్నా. నువ్వూ నేనూ పిల్లల మధ్యలో నిలబడి ఒక ఫొటో..."

మాట తప్పాడన్న కోపం కన్నా, బెర్నడెట్ కొడుకును తన చేత చలిలో నిలబెట్టించాడన్న కోపం ఎక్కువైంది ఆమెకు. చేతిలో పార ఉంది. దాన్ని మంచులో గట్టిగా దిగేసి, రెండు చేతులూ ఖాళీ చేసుకుంది.

"సోమవారం నువ్వు ఈ వాలు మీద కనిపించావో, క్లైవ్, నిన్ను పిల్లల ముందే దొర్లిస్తా. ఫో."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను రెండడుగులు వెనక్కి వేసి, తర్వాత గబగబా నడిచి వెళ్ళిపోయాడు.

"అడుగున పలచగా ఉంది, డూగల్డ్," అని ఆమె అరిచింది. "ఇంకా తెచ్చి పొయ్యి."