కోళ్ల అధ్యాయం

రైలుకి రెండు పట్టాలు చాలు. సృజనాత్మక రచనలో ఆవిడకి మూడు కావలసి వచ్చాయి. బి.ఏ.లో కథ ఎలా మొదలుపెట్టాలో నేర్పారు. ఎం.ఏ.లో మొదలుపెట్టినదాన్ని ఎలా కొట్టెయ్యాలో నేర్పారు. పీహెచ్.డీ.లో, ఎందుకు కొట్టేసిందో నూరు పేజీల్లో వివరించమన్నారు. రాయి, రాయి అని పదకొండేళ్లు తరిమితే మనిషి రాయి కాక ఏమవుతుంది? ఇంట్లో బావ ఆవిడకి 'నవలమ్మ' అని పేరు పెట్టి నవ్వుకునేవాడు.

అయినా నవల రాసింది. అందులో ఏడో అధ్యాయం ఇరవై రెండు పేజీలు, రెండేళ్ల చాకిరీ. ఒక తల్లి పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని, ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. అంతే కథ. వైవాకి వెళ్తూ నవలమ్మ కోరుకున్నది ఒకటే. డాక్టరు బిరుదు ఎలాగూ వస్తుంది. ముగ్గురు పరీక్షకుల్లో ఒక్కరైనా ఆ అధ్యాయం చదివి ఒక్క ప్రశ్న అడగాలి.

పొడుగు బల్ల, నీళ్ల సీసాలు, బైండింగు షాపు నుంచి నేరుగా ఆఫీసుకొచ్చిన నవల ప్రతులు, మూడు నల్ల అట్టల పుస్తకాలు. శాఖాధిపతి తెరవగానే అట్ట కిర్రుమంది. పాపం, దానికదే మొదటి గాలి. పక్కన గైడు. ఎదురుగా బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు.

"ఏడో అధ్యాయం!" అన్నాడు బయటాయన. నవలమ్మ గుండె గంతేసింది.

"రెండో వారంలో మూడు కోళ్లు మేత మానేశాయి. గుడ్ల పెంకు పలచబడింది." ఆయన చదివి కళ్లు మూసుకున్నాడు. "అబ్బ! తల్లి అన్న మాటే లేకుండా తల్లి గోడు! మధ్యలో ఆ మేత పట్టిక! ఏం తెగువండీ మీది!"

నవలమ్మ మెడ చాచి చూసింది. పట్టిక నిక్షేపంగా ఉంది. బైండింగు షాపులో పక్క బల్ల మీద పశువైద్యం వాళ్ల సిద్ధాంత గ్రంథం కుట్టడం తను కళ్లారా చూసింది. కాగితాలు కలిసిపోయాయి. తల్లి వెళ్లిపోయింది, కోళ్లొచ్చి కూర్చున్నాయి.

నోరు తెరిచేలోగా గైడు అందుకున్నాడు. "ఆ కోళ్ల మీద మేమిద్దరం చాలా కష్టపడ్డామండీ. మొదట్లో బాతులుండేవి. నేనే మార్పించాను."

ప్రతి పేజీ చదివానని సంతకం పెట్టిన మహానుభావుడు! ఇప్పుడు నిజం చెబితే ఆయన పరువూ, తన పదకొండేళ్లూ ఒకే గంపలో పోతాయి. "అవునండీ" అంది నవలమ్మ, ముక్కి ముక్కి గుడ్డు పెట్టినట్టు. పాసైంది. ఒకటే సవరణ: ఇంకో రెండు పట్టికలు చేర్చాలి.

అక్కణ్ణుంచి తిన్నగా షాపుకే వెళ్లింది. "నా తల్లిని ఎక్కడ పెట్టావయ్యా?"

"మీ అమ్మగారు ఇటు రాలేదే మేడమ్!" అన్నాడు బైండింగాయన.

"ఏడో అధ్యాయమయ్యా బాబూ!"

"ఓ, అదా! పశువైద్యం అమ్మాయి పుస్తకంలో పడింది. వాళ్ల ప్రొఫెసరుగారు ఇందాకే తిప్పి పంపారు. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు."

ఆ పుస్తకం తెరిచింది. పేజీల అంచున ఎర్ర సిరా. 'కోళ్లేవి?' 'ఈవిడెవరు?' 'చలికాలమన్నారు, శాలువా తీసుకోలేదేం?' 'తలుపు తాళం వెయ్యలేదు. తిరిగొద్దామనా?' చివరి పేజీలో: 'కోళ్లకి సంబంధం లేదు, తీసెయ్యండి. తర్వాత ఏమైంది?'

నవలమ్మ స్టూలు మీద కూలబడింది. పదకొండేళ్లలో 'నిర్మాణం కుదరలేదు' అన్నవాళ్లే గాని, తర్వాత ఏమైందని అడిగిన నరమానవుడు లేడు.

ఆ పేజీలు విప్పించుకుని గైడు గదికి పరుగెత్తింది. "అసలు అధ్యాయం ఇదీ సార్."

ఆయన రెండు వాక్యాలు చూసి పెదవి విరిచాడు. "తల్లి, ఇల్లు, తలుపు... పాత పాటే కదమ్మా! బయటాయన మెచ్చింది కోళ్లని. కోళ్లే ఉండనీ. ఇదే నా అసలు ప్రతి అని ఈ ఫారం మీద సంతకం పెట్టెయ్, రేపట్నుంచి డాక్టరువి."

"కోళ్లకి డాక్టరు వేరే ఉన్నారు సార్" అని ఫారం ఆయన బల్ల మీదే వదిలేసింది.

"పిచ్చా నీకు? పట్టా పోతుంది!" గైడు కేక వసారా చివరిదాకా వెంటబడింది.

పశువైద్య భవనంలో మందుల వాసన. ఎర్ర సిరా పెద్దాయన చేతులు కడుక్కుంటున్నాడు. నవలమ్మ తనెవరో చెప్పి, ఎనిమిదో అధ్యాయం ఆయన ముందు పెట్టింది.

"ఇందులోనైనా కోళ్లున్నాయా?"

"లేవండీ."

"సరే, కూర్చోండి. ముందు ఆ తాళం సంగతి చెప్పండి."

"చెప్పను. చదవండి" అంది నవలమ్మ.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కళ్లజోడు వెతుక్కోసాగాడు.