నిమ్మకాయలు మాత్రమే తొక్కిన టైర్లు

కువైట్ దేశాన్ని జయించడానికి ఇరాక్ సైన్యానికి ఒక పగలు కూడా పూర్తిగా పట్టలేదు. రాజధాని శివారు రిగ్గైలో మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఉంటున్న సుబ్రహ్మణ్యానికి మాత్రం తన శత్రువు చేజిక్కడానికి దాదాపు ఆగస్టు నెలంతా పట్టింది. మహాసైన్యాలకుండే తొందర ఆయనకు లేదు. రబ్బరు నాణ్యతను పరీక్షించే ఉద్యోగం ఆయనది. ఎంత మొండి పదార్థమైనా తగినంత కాలం వేడిలో ఉంచితే దానంతట అదే పగులుతుందని ఆయనకు తెలుసు.

శత్రువు పేరు బాలు. కింది అంతస్తులో ఉండే తణుకు మనిషి. ఒక కంపెనీలో భవనాల నక్షాలు గీస్తాడు. ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం సుబ్రహ్మణ్యం ఇంటికి వచ్చి, ఉమ వేసిన పెసరట్లు తిని, "వదినగారి చెయ్యి అలాంటిదండి" అని ఆమెను దేవతలతో సమానం చేసి వెళ్లేవాడు. అటువంటివాడు చేసిన ద్రోహం కనుకనే అది పురాణాలకెక్కదగిన ద్రోహమని సుబ్రహ్మణ్యం తీర్మానం.

ఆ ద్రోహం ఇదీ. సైన్యం దిగిన మొదటి రోజుల్లోనే సుబ్రహ్మణ్యం కారును సైనికులు తీసుకుపోయారు. అప్పుడు బాలు గుండె మీద చెయ్యి వేసుకుని, ఉమనూ తొమ్మిదేళ్ల కూతురు నిత్యనూ తన కారులో బస్రా మీదుగా జోర్డాన్ దాకా చేరుస్తానని మాట ఇచ్చాడు. చెప్పిన ఉదయాన తల్లీకూతుళ్లు పెట్టెలతో కిందికి దిగేసరికి కారు లేదు. వెనక సీటులో కొత్త కలర్ టీవీ దుప్పటి కప్పుకుని, బెల్టు పెట్టుకుని దర్జాగా వెళ్లిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు.

"నాన్నా, టీవీకి కూడా పాస్‌పోర్టు కావాలా?" అని నిత్య అడిగింది.

సుబ్రహ్మణ్యం ఆ ప్రశ్నను ఒక అస్త్రంలా పదును పెట్టి లోపల దాచుకున్నాడు.

బాలు ప్రయాణం సరిహద్దు దాకా కూడా సాగలేదు. దారిలో సైనికులు కారునూ టీవీనీ ఉంచుకుని మనిషిని వదిలేశారు. వాపెక్కిన కాళ్లతో తిరిగివచ్చి, రెండు వారాలు తలుపు వేసుకుని, చివరకు ఒక ఉదయం మూడో అంతస్తు తలుపు తట్టాడు.

"అన్నగారూ, మీ ముఖం చూసే మొహం లేదండి నాకు."

"చూడకుండానే చెప్పు."

"ఊరి బయట సులైబియాలో రాయచోటి గౌస్ భాయ్ ఉన్నాడు కదండి, కూరగాయల లారీ డ్రైవరు. వీసా ఇచ్చిన యజమాని, వాళ్ల కఫీల్, పారిపోయాడంటండి, లారీ ఈయన చేతిలోనే ఉండిపోయింది. రేపు మధ్యాహ్నం బస్రాకి బయల్దేరతాడంట. అక్కడిదాకా వెళ్లడానికి... మీ మేడ మీద మోటార్ సైకిలుంది కదండి."

సుబ్రహ్మణ్యం కళ్లు మూసుకున్నాడు. ముల్లోకాలనూ వెతికినా దొరకని వరం దానంతట అదే మెట్లెక్కి వచ్చింది.

ఆ మోటార్ సైకిల్ ఆయన బ్రహ్మచర్య కాలపు వైభవం. పెళ్లయి వచ్చిన ఉమ దాన్ని ఒక్కసారి చూసి, "దీని మీద తిరిగేట్టయితే నన్ను బెజవాడ పంపించెయ్యండి" అంది. ఆనాటి నుంచీ అది మేడ మీద ఒక రేకు నీడన తపస్సు చేస్తోంది. ఏటా దసరాకు దాన్ని కడిగి, బొట్టు పెట్టి, ఇంజను స్టార్టు చేసి, చక్రం కింద ఒక నిమ్మకాయ ఉంచి, ముందుకొక జానెడు, వెనక్కొక జానెడు నడిపి ఆపేసేవాడు. పదేళ్లలో అది తొక్కినవి నిమ్మకాయలే. అందుచేత ఇంజను ఆరోగ్యంగా ఉంది, టైర్ల గాడులు కొన్ననాటిలాగే లోతుగా ఉన్నాయి.

తణుకులో టైరు ఎలా చస్తుందో బాలుకు తెలుసు: రోడ్డు మీద అరిగి అరిగి, గుండై, లోపలి నూలు బయటపడి చస్తుంది. కువైట్‌లో టైరు వేరే విధంగా చస్తుంది. కదలకుండా, అరగకుండా, పదేళ్ల వేడికి లోలోపల ఎండి, యవ్వనం ఉట్టిపడుతున్న ముఖంతో చస్తుంది. రబ్బరు రాయిలా గట్టిపడుతుంది. పక్కగోడల్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. ఆగస్టు తారు మీద నాలుగు మైళ్లు వేగంగా పోతే చాలు, మిగతా పని గాలి చూసుకుంటుంది.

"సాయంత్రం వచ్చి చూసుకో," అన్నాడు సుబ్రహ్మణ్యం ఔదార్యంతో.

ఆ పగలు ఆయన మేడ ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని, టైరు పక్కగోడను బొటనవేలి గోటితో నొక్కాడు. గోరు దిగలేదు. పగుళ్లు మాత్రం, వేలు పెట్టి చూపినంత స్పష్టంగా, చుట్టూతా ఉన్నాయి. ఉద్యోగధర్మం ప్రకారం ఆ క్షణమే దాన్ని పనికిరాదని రాసి పక్కన పడేయాలి. ఆయన కిందికి దిగి, బూట్ల పాలిష్ డబ్బా తెచ్చి, ఒక్కొక్క పగులులోకీ నల్లగా, నిండుగా, శ్రద్ధగా కూరాడు. ఏ శిల్పి ఏ దేవాలయానికీ అంత ఏకాగ్రత ఇచ్చి ఉండడు. ఒకటే నియమం పెట్టుకున్నాడు: నోటితో అబద్ధం ఆడకూడదు.

సాయంత్రం బాలు వచ్చాడు. ఆరేసిన బట్టలు తీయడానికి ఉమ కూడా పైకి వచ్చింది. నిత్య తల్లి వెనకాలే ఉంది. బాలు బండి చుట్టూ తిరిగి, లోకంలో అందరూ చేసే పరీక్షే చేశాడు: టైరును కాలితో తన్నాడు. తర్వాత గాడుల్లో వేలు పెట్టి చూశాడు.

"అబ్బో, గ్రిప్పు కొత్తదానిలా ఉందండి. పాత టైర్లు కదా, పర్లేదాండి?"

"గ్రిప్పు చెక్కుచెదరలేదు," అన్నాడు సుబ్రహ్మణ్యం. అది అక్షరసత్యం.

బాలు ఉమ వైపు తిరిగాడు.

"వదినగారూ, ముందే చెబితే నమ్మరని, బండి చూసుకున్నాకే చెబుదామనుకున్నానండి. గౌస్ భాయ్ కాళ్లూ వేళ్లూ పట్టుకుని లారీలో నలుగురికీ చోటు అడిగాను. రేపు పొద్దున్నే ముందు మిమ్మల్నీ నిత్యనీ దింపేసి, మళ్లీ వచ్చి అన్నగారిని తీసుకెళ్తాను. ఈసారి మాట తప్పితే నా ముఖాన ఉమ్మెయ్యండి."

ఉమ ముఖం విచ్చుకుంది. "సామాను ఇప్పుడే సర్దుతాను," అంది.

సుబ్రహ్మణ్యం నిర్మించిన మహాయంత్రం గిర్రున తిరిగి తన ఇంటి గుమ్మం వైపే గురి పెట్టింది. కూతురు అప్పటికే ఎక్కి కూర్చోవడానికి సీటు మీద చెయ్యి వేసింది.

"ఈ బండి మీద ఎవరూ వెళ్లడానికి వీల్లేదు," అన్నాడాయన. "టైర్లు చచ్చిపోయాయి."

"ఇప్పుడే బాగున్నాయన్నారు కదండి," అన్నాడు బాలు.

"గ్రిప్పు బాగుందన్నాను. టైరు బాగుందని ఎప్పుడన్నాను?"

ఉమ ఆయన చేతుల వైపు చూసింది. వేళ్ల సందుల్లోనూ గోళ్ల కిందా నల్లటి పాలిష్. ఆమె వంగి, కొంగుతో టైరు పక్కగోడ తుడిచింది. పగుళ్లు బయటపడ్డాయి.

"అంటే బాలుగారు ఒక్కరే వెళ్లేట్టయితే బాగున్నట్టా?" అని మెల్లగా అడిగింది.

బాలుకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"నన్ను చంపుదామనుకున్నారా అన్నగారూ?"

"అనుకోలేదు. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. అంతే."

"నేనూ అంతేనండి ఆ రోజు," అన్నాడు బాలు. "చెప్పకుండా వెళ్లిపోయాను. అంతే."

పాశుపతాస్త్రం తగిలినా అంత నొప్పి ఉండదు. ఈ నీచుడికీ తనకూ మధ్య ఉన్న దూరం ఒక టీవీ అంత కూడా లేదని ఆయనకు ఆ క్షణంలో తెలిసింది. తెలిసినందుకు కోపం రెట్టింపైంది.

ఉమ బట్టలు మడత పెడుతూ తీర్పు చెప్పింది.

"ఎక్కి తోలడానికే కదా పనికిరానిది? తొయ్యడానికి పనికొస్తుంది. నిత్య సీటు మీద కూర్చుంటుంది, పెట్టెలు వెనక కడదాం. బాలుగారు హ్యాండిల్ పట్టుకుంటారు, మీరు వెనకనించి తొయ్యండి. నేను గొడుగు పడతాను. ఎండ ముదరకముందే బయల్దేరాలి."

"సులైబియా దాకానా?" అన్నారు శత్రువులిద్దరూ ఒకే గొంతుతో.

"జోర్డాన్ దాకా అయితే అప్పుడు ఆలోచిద్దాం," అంది ఉమ.

మరునాడు ఆ ఊరేగింపు బయలుదేరింది. చెక్‌పోస్టు దగ్గర నెరిసిన గడ్డపు సైనికుడొకడు అడ్డొచ్చి, మోటార్ సైకిల్ మీద ఆశగా చెయ్యి వేశాడు. ఉమ టైరు వైపు గొడుగు కొసతో చూపించింది. అతడు వంగి చూసి, బూటుతో నొక్కి, "ఖలాస్" అని చెయ్యి ఊపేశాడు. ఒక దేశాన్నంతటినీ ఎత్తుకుపోయిన సైన్యానికి కూడా అక్కర్లేని టైర్లవి.

సులైబియా గోదాములు కనుచూపు మేరలో పడ్డాక ముందు టైరు పటేలుమంది. బండి బాలు మీదికి ఒరిగింది. అతడు పడకుండా నిలదొక్కుకుని, నిత్యను దింపి, చీలిపోయిన రబ్బరు వైపు చాలాసేపు చూశాడు. అది వేగంలో పేలి ఉంటే ఏమయ్యేదో ఆ చూపులో ఉంది.

"నిమ్మకాయ తొక్కించకుండా బయల్దేరాం కదండి," అన్నాడు. "పెట్టెలు నెత్తిన పెట్టుకుని, బండిని ఇక్కడే వదిలేద్దామాండి? చక్రం తిరగదిక."

సుబ్రహ్మణ్యం నుదుటి చెమట తుడుచుకున్నాడు. చాలా వారాల తర్వాత ఆయన గుండెలో ఎక్కడో చల్లగా ఉంది. భార్య వైపు ఒకసారి చూశాడు. ఉమ గొడుగును కూతురి మీదికి జరిపింది.

"వద్దు, తొయ్యి," అన్నాడాయన. "గ్రిప్పు ఇంకా బాగానే ఉంది."