ఏడవనివ్వని గది

అక్క బాలమణిని ఆఖరిసారి చూడడానికి విజయశ్రీ అమెరికాలో ఎడిసన్‌లోని ఫ్యూనరల్ హోమ్‌కి వచ్చింది. నేలంతా మెత్తటి తివాచీ, గోడలకు బరువైన తెరలు, సన్నటి వెలుతురు, మధ్యలో అక్క శవాన్ని పడుకోబెట్టిన పెట్టె. "అక్కా" అని పిలిస్తే ఆ గొంతు తెరల్లోకి ఇంకిపోయింది. ఏడుపు రాలేదు.

"పిన్నీ, టైమ్ అయిపోయింది. నెక్స్ట్ ఫ్యామిలీ వెయిట్ చేస్తున్నారు," అన్నాడు అక్క కొడుకు వినీత్.

"కాస్త ఉండనీరా. నేనింకా ఏడవనేలేదు."

నల్లకోటు వేసుకున్న అక్కడి ఉద్యోగి చప్పుడు కాకుండా పెట్టె మూత వేశాడు.

కింద పార్కింగ్ గ్యారేజ్ అంతా కాంక్రీటు. వినీత్ కారు తలుపు వేస్తే ఆ చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. అప్పుడు పెగిలింది విజయశ్రీ గొంతు.

"అక్కా!"

గ్యారేజ్ దద్దరిల్లింది. పైన మెత్తటి గదిలో ఉన్న అక్కకి మాత్రం ఆ కేక అందే దారి లేదు.