మూడో చెయ్యి

భాషల వర్గీకరణ కార్యాలయంలో పొద్దున్నే ముందు తెరిచేది ఫైళ్ళు కాదు, దూదీ అయొడినూ ఉన్న డబ్బా. మాట్లాడేవాళ్ళు మిగలని భాషల మాటలన్నీ కాగితం ముక్కల మీద రాసి చెక్కపెట్టెల్లో పెట్టి పంపిస్తారు. ఆ భాష ఎలా పోయిందో తేల్చాలంటే పెట్టెలో మణికట్టు దాకా చెయ్యి పెట్టాలి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోగా అంతరించిన భాషైతే చెయ్యి వణుకుతుంది. అంటురోగానికి పోయిందైతే కాలుతుంది. పిల్లలు ఇంకో భాషలోకి వెళ్ళిపోవడంతో పోయిందైతే తిమ్మిరెక్కుతుంది. చంపేసిన భాషైతే కోస్తుంది. కోసిన చేతికి కట్టు కట్టుకుని, రిజిస్టరులో కారణం రాసి, ఓ కప్పు టీ తాగి, ఇంకో పెట్టె ముందుకు లాక్కోవాలి. అంతే ఉద్యోగం.

చిట్టి ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తోంది. నలభై ఏడేళ్ళొచ్చినా అందరికీ చిట్టే. ఆమె చేతుల మీది గీతలు చూసి కూరగాయలవాడు, "పిల్లిని పెంచుతున్నారా అమ్మా?" అని అడుగుతుంటాడు.

ఆ మంగళవారం లోయభాష పెట్టె వచ్చింది. నలభై ఆరేళ్ళ కిందట ఒక సర్వేయరు లోయకి వెళ్ళి మూడొందల మాటలు రాసుకొచ్చాడు. మరుసటి ఏడు వెళ్ళేసరికి ఊరూ లేదు, మనుషులూ లేరు. ఇప్పుడా లోయని గనికి ఇవ్వాలని పైవాళ్ళ తొందర. కారణం 'సహజ మరణం' అని రాస్తే ఫైలు మూసేస్తారు. 'హత్య' అని రాస్తే విచారణ జరగాలి, లోయ జోలికి ఎవరూ పోకూడదు.

ముందు చెయ్యి పెట్టింది ఎనిమిది వేళ్ళ గుమాస్తా. మిగతా రెండు వేళ్ళూ ఈ సర్వీసులోనే పోయాయి. పెట్టిన మరుక్షణం కెవ్వుమన్నాడు. అరచేతి నుంచి మణికట్టు దాకా ఎముక కనిపించేలా తెగింది. గోడమీది క్యాలెండరు నిండా రక్తం చిందింది.

"గొడ్డలమ్మా," అన్నాడు పళ్ళు బిగించి. "కత్తైతే ఇలా తెగదు."

చిట్టి కళ్ళు మూసుకుని తన చెయ్యి పెట్టింది. ఏమీ తెగలేదు. లోపల ఎవరో ఆమె వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని తడిమారు, పసిపిల్లకి స్నానం చేయించి వేళ్ళ సందులు తుడిచినట్టు. చెయ్యి వెనక్కి తీసుకోబోతే వదల్లేదు. గట్టిగా లాక్కుంటే బయటికొచ్చింది. చిన్న గాటు కూడా లేదు.

"నీకేం కాలేదా? అదేం పక్షపాతమమ్మా!" అన్నాడు గుమాస్తా, కట్టు కట్టించుకుంటూనే.

సూపరింటెండెంటు మొహం వెలిగిపోయింది. "చూశారా చిట్టిగారూ, సహజ మరణమే. రాసేయండి."

"ఇద్దరికీ పొంతన కుదరకపోతే మూడో చెయ్యి పెట్టించాలి సార్. రూలు."

"అలాగే, రేపే తెస్తాను. దానికేం భాగ్యం!"

సాయంత్రం తండ్రికి అన్నం పెడుతూ ఇదంతా చెప్పింది. ఆయన గస్తీదళంలో పనిచేసి రిటైరైనవాడు. తల్లి పురిట్లోనే పోతే మళ్ళీ పెళ్ళి మాటెత్తకుండా, జడలు వేయడం కూడా నేర్చుకుని కూతుర్ని పెంచాడు. లోయ అనేసరికి ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు. లేచి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

"మేం తొమ్మిదిమందిమి వెళ్ళాం," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "లోయ ఖాళీ చేయించమన్నారు. వాళ్ళు కదల్లేదు. అందరం గొడ్డళ్ళు తీశాం. నా చేతిలో పదకొండుమంది పోయారు. పదకొండోది ఆడమనిషి. బోర్లించిన గంపని కరుచుకుని పడుకుంది. ఎన్ని దెబ్బలు వేసినా గంప వదల్లేదు. తీరా ఎత్తి చూస్తే, కింద నువ్వున్నావు."

చిట్టి చేతిలోని గిన్నె వెళ్ళి ఆయన నుదుటికి తగిలింది. కనుబొమ చిట్లి రక్తం కారింది. ఆయన తుడుచుకోలేదు.

"పురిట్లో పోయిందన్నావు!"

"అన్నానమ్మా."

ఇంకేం విసరాలో తెలీక చిట్టి పచ్చడిబండ అందుకుంది. తనకి టైఫాయిడొస్తే పద్దెనిమిది రోజులు మంచం దిగకుండా కూర్చున్న మనిషీ, ఆ గొడ్డలి పట్టుకున్న మనిషీ ఒక్కడే కావడం ఆమె వల్ల కాలేదు. బండని గోడకేసి కొట్టింది. పెచ్చులు రాలాయి.

మర్నాడు సూపరింటెండెంటు మూడో చెయ్యిని వెంటబెట్టుకొచ్చాడు. తన దూరపు చుట్టం, లారీ డ్రైవరు. ప్రమాదంలో కుడిచెయ్యి పోతే చెక్కచెయ్యి పెట్టించుకున్నవాడు.

"రూలులో చెయ్యి అనే ఉందండీ. ఏ చెయ్యో రాయలేదు," అన్నాడు సూపరింటెండెంటు, తన తెలివికి తానే మురిసిపోతూ.

డ్రైవరు పెట్టె దగ్గరికి వెళ్ళేలోపు నుదుటి మీద కట్టుతో చిట్టి తండ్రి లోపలికొచ్చాడు. అతన్ని పక్కకి తోసి, భుజం దాకా చెయ్యి పెట్టెలో దూర్చేశాడు.

లోపల గొడ్డలి దెబ్బలు వినిపించాయి. పెట్టె సందుల్లోంచి రక్తం బల్ల మీదికి, బల్ల మీంచి నేల మీదికి పారింది. ఆయన అరవలేదు. పదకొండు దెబ్బలయ్యాక కూడా పెట్టె ఆగలేదు, భుజాన్ని లాగి మెడదాకా వచ్చింది. గుమాస్తా, డ్రైవరు నడుం పట్టి వెనక్కి గుంజుతున్నారు. చిట్టి కదల్లేదు. చావాలి అనుకుంది. నిజంగానే అనుకుంది. ఆయన మెడ విరిగేలా మెలితిరిగి, మొహం ఆమె వైపుకి తిరిగింది. అప్పుడామె నోట్లోంచి ఒక కేక వచ్చింది. ఆ గదిలో ఎవరికీ తెలియని మాట. ఆమెకీ తెలియదు.

పెట్టె ఆయన్ని వదిలేసింది. మోచేతి కింద ఏమీ మిగల్లేదు.

గుమాస్తా తువ్వాలుతో ఆ చేతిని బిగించి కట్టి, రక్తంలో తడిసిన కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. ఆ మాట దొరికింది. ఎదురుగా సర్వేయరు అర్థం రాసుకున్నాడు: నాన్న.

"కారణం హత్య, సార్," అన్నాడు గుమాస్తా. "కానీ ఈ పెట్టె మన దగ్గరుండటానికి వీల్లేదు. మాట్లాడే మనిషి ఎదురుగా ఉంటే పోయిన భాషెలా అవుతుంది?"

చెక్కచెయ్యి డ్రైవరు ఓ మూల కూర్చుని వాంతి చేసుకుంటున్నాడు. రిజిస్టరులో 'అంతరించినది' అన్న మాటని చిట్టే కొట్టేసింది. 'మాట్లాడేవారు' అన్నచోట 'ఒకరు' అని రాసి సంతకం పెట్టింది. గని లోయకి రాలేదు. తండ్రి చెయ్యి మానాక పోలీసులు ఆసుపత్రి నుంచే తీసుకెళ్ళారు. ఆయన పదకొండు అన్నాడు, వాళ్ళు పదకొండే రాసుకున్నారు.

ఆ తర్వాత మిగతా మాటలూ చిట్టి నోటికి ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతి ఆదివారం జైలుకెళ్ళి ఊచల ఇవతల కూర్చుని ఆయనతో ఆ భాషలోనే మాట్లాడేది. ఆయనకి అందులో ఒక్క మాటే తెలుసు. అది వినిపిస్తుందేమోనని గంటసేపూ చెవి ఒగ్గి కూర్చునేవాడు. ఆమె ఆ ఒక్కటి తప్ప అన్ని మాటలూ మాట్లాడేది.