బట్టీ వీధి సెలవు

సెలవు రోజున మా ఊరు వోబ్రున్‌లో నిద్ర లేచినవాళ్ళు ముందు కాఫీ పెట్టుకుని, ఆ తర్వాత తలుపు తీసి, గుమ్మం ముందు ఏ వీధి ఉందో చూసుకుంటారు. ఇళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. వీధులే ఉన్నచోట ఉండవు. ఏడాది పొడుగునా మనుషుల్నీ బళ్ళనీ మోసి మోసి, సర్కారు సెలవిచ్చిన రోజున తమకూ సెలవే అనుకుని షికారుకి బయల్దేరతాయి. తోళ్ళ వీధికి ఏటి ఒడ్డున ఎండలో పడుకోవడం ఇష్టం. చర్చి మెట్ల దారి ద్రాక్షతోటల వైపు పోతుంది. సాయంత్రం ఏడింటికి గంట కొట్టేసరికి అన్నీ బుద్ధిగా తిరిగొచ్చి ఎవరి చోట అవి సర్దుకుంటాయి. అందుకే సెలవునాడు మా ఊళ్ళో ఎవరూ పని పెట్టుకుని బయటికి రారు. ఊరికే నడుస్తారు, చేరిన చోట కూర్చుంటారు.

ఇదంతా తెలిసి కూడా మేయర్ ఒక్తావ్, ఊళ్ళో కాపురం పెట్టే ముందు చూసి వెళ్తామన్న కుటుంబాన్ని మే నెలలో ఆరోహణ పండగ సెలవు గురువారం నాడే రమ్మన్నాడు.

"వాళ్ళకి ఆ రోజే ఖాళీ అట, నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు బడి పంతులమ్మ బెరాంజేర్‌తో. "బడి చూపించండి, నాలుగింటికి కారెక్కించండి. చౌరస్తా నుంచి బడికి మూడంటే మూడు నిమిషాలు."

"మామూలు రోజుల్లో మూడు నిమిషాలు. రేపు ఆ మూడు నిమిషాలు ఎక్కడ పడుకుని ఉంటాయో మీకేమన్నా తెలుసా?"

ఆయనకి తెలీదు. ఎవరికీ తెలీదు.

బడిలో పిల్లలు పదకొండుమంది. జూన్ నెలాఖరుకి పట్టీలో పద్నాలుగు పేర్లు లేకపోతే బడి మూసేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. బెరాంజేర్ అక్షరాలు దిద్దింది ఆ బడిలోనే, ఇప్పుడు దిద్దిస్తున్నదీ అక్కడే. వస్తున్న ఫిర్మాన్, సిదోనీ దంపతులకి సరిగ్గా ముగ్గురు పిల్లలు. పైగా ఫిర్మాన్‌ది రొట్టెలు కాల్చే వృత్తి. మా ఊళ్ళో రొట్టెల కొట్టు మూతపడి మూడేళ్ళయింది.

పొద్దున పదింటికి వాళ్ళు చౌరస్తాలో కారు దిగారు. ఒక్తావ్ ముందుగా తన గొప్ప చూపించుకున్నాడు. ఊరి కచేరీ గోడకి రొట్టెల మెషీన్ పెట్టించింది ఆయనే. మీట నొక్కితే పొడుగు రొట్టె కింద పడుతుంది. ఫిర్మాన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కాడు. మంచి రొట్టె అయితే చిటపటమని పలుకుతుంది. ఇది పలకలేదు.

"ఇరవైనాలుగు గంటలూ దొరుకుతుంది!" అన్నాడు మేయర్.

"శ్మశానం కూడా ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది ఒక్తావ్" అంది పక్కింటి కిటికీలోంచి యులాలీ ముసలమ్మ. ఎనభై ఏడేళ్ళొచ్చినా ఆవిడ నోటికి మాత్రం ముసలితనం రాలేదు.

సిదోనీ నవ్వలేదు. ఆవిడ మొగుడి మాట కాదనలేక వచ్చింది, అంతే. ఇప్పుడుంటున్న ఊళ్ళో రెండేళ్ళు కొట్టులో నిలబడితే ఒక్కరూ ఆవిడ పేరు అడగలేదు. అందరికీ ఆవిడ 'రొట్టెలాయన పెళ్ళాం'. ఇంకో ఊరికి పోయి మళ్ళీ అదే భాగోతమా అని దారి పొడుగునా అంటూనే ఉంది.

బెరాంజేర్ వాళ్ళని వెంటబెట్టుకుని బడి వైపు తిరిగింది. వీధి వాళ్ళని చెత్త డిపో దగ్గర తేల్చింది. మళ్ళీ తిరిగితే పందుల దొడ్డి వెనక్కి. ఇంకోసారి తిరిగితే, నీలం తలుపులు వెలిసిపోయిన పాత రొట్టెల కొట్టు ముందుకి. ఊరు చూపించబోయి ఊరి పెరడంతా చూపిస్తున్నానే అని ఆవిడకి చెమటలు పట్టాయి.

"మా ఊళ్ళో వంతెన ఒక్కటే ఇలా చేసేది" అంది సిదోనీ. "మీ ఊళ్ళో అన్నీనా?"

"సెలవు రోజుల్లోనే అండీ" అంది బెరాంజేర్, క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

పిల్లలకి మాత్రం పండగే. తలుపులన్నీ మూసున్న ఊళ్ళో మలుపు మలుపుకీ పందేలు కాసుకున్నారు, ఈసారి ఎక్కడ తేలతామో అని. మధ్యాహ్నం ఏట్లో కాళ్ళు పెట్టుకుని, తెచ్చుకున్న జున్నూ పందిమాంసం ముక్కలూ తిన్నారు. ఫిర్మాన్ మెషీన్ రొట్టెని చేపలకి వేశాడు. చేపలు కూడా ఆలోచించుకుని తిన్నాయి.

మూడున్నర అయింది. బడి ఇంకా కనపడలేదు. నాలుగోసారి అదే నీలం తలుపుల ముందుకి వచ్చినప్పుడు బెరాంజేర్ తల వంచి నేల చూసింది. రాళ్ళ మధ్య పిండి బళ్ళు నూరేళ్ళు తిరిగి అరగదీసిన గాడి ఉంది. చెత్త డిపో దగ్గరా ఉంది ఆ గాడి, పందుల దొడ్డి దగ్గరా ఉంది.

"పొద్దుట్నించీ మనం ఒకటే వీధిలో నడుస్తున్నాం" అంది.

"ఏ వీధి?" అన్నాడు ఫిర్మాన్.

"ఇదే, ఈ కొట్టు వీధి. బట్టీ వీధి. మూడేళ్ళుగా దీనికి పని లేదు. పని లేనిదానికి సెలవేమిటి? ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. అన్నీ పడుకుంటే ఇదొక్కటే డ్యూటీ చేస్తోంది."

సిదోనీ వంగి ఆ గాడిని వేలితో తాకింది. లేచినప్పుడు మొహంలో జాలి ఉంది కానీ మాట మారలేదు. "పాపం. అయినా వెళ్ళాలి టీచరమ్మా. ఆయన రేపు తెల్లారకముందే అక్కడ రొట్టెల బట్టీ దగ్గరుండాలి. మీకు ఉత్తరం రాస్తాం."

ఉత్తరం రాస్తామంటే రామని అర్థం. బెరాంజేర్ మనసులో పట్టీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. పదకొండు పదకొండుగానే ఉండిపోయింది.

అప్పుడు మలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ముందు యులాలీ వచ్చింది, ఇంటి చెప్పులతో, చేతిలో గాజు సీసాతో. "గుమ్మంలో కాలు పెట్టానో లేదో, ఇది లాక్కొచ్చి పడేసింది" అంది వీధిని కర్రతో పొడుస్తూ. ఆవిడ వెనక ఇనుప గుళ్ళ ఆట ఆడుతున్న ముసలాళ్ళు ముగ్గురు, గుళ్ళతో సహా. భోజనం బల్ల మీంచి లేచిన మేయర్, మెడలో తువ్వాలుతో. చర్చి గంట కొట్టే ఆయన, కవల పిల్లల బండితో ఆయన కోడలు, నలభైమంది దాకా. షికారుకని ఎవరెటు బయల్దేరినా బట్టీ వీధి వాళ్ళ కాళ్ళ కింద దూరి ఇక్కడికే మోసుకొచ్చింది.

వచ్చినవాళ్ళు ఏం చేశారనుకున్నారు? మూసిన కొట్టు ముందు వరసలో నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళు గడిచినా కాళ్ళు మరిచిపోలేదు. "ముందు నేనొచ్చాను" అని అప్పుడే వెనక తగాదా కూడా మొదలైంది.

వరసలో మొదట యులాలీ. తలుపులకి ఆనుకుని నిలబడింది సిదోనీ.

"బాగా ఎర్రగా కాలింది ఒకటివ్వు" అంది ముసలమ్మ. "నా పళ్ళు చూసి మెత్తటిది అంటగట్టకు."

"కొట్టు మాది కాదండీ."

"ఎవరిదీ కాదు. మూడేళ్ళుగా అదే కదా మా ఏడుపు. నీ పేరేంటే అమ్మాయ్? పేరు తెలీకుండా రోజూ ఏమని పిలిచి రొట్టె అడగను?"

ఆవిడ తలుపుల మీంచి వీపు తీసి నిటారుగా నిలబడింది. "సిదోనీ" అంది.

"సిదోనీ అట!" ముసలమ్మ వెనక్కి తిరిగి కేకేసింది. "సిదోనీ", "సిదోనీ" అంటూ పేరు వరస పొడుగునా చేతులు మారింది. చిట్టచివర చెవిటి గంటాయన "ఎవరూ?" అన్నాడు. మళ్ళీ మొదట్నించీ అందరూ ఒక్క గొంతుతో అరిచి చెప్పారు. ఆ అరుపుకి తలుపుల మీది నీలం రంగు పెచ్చులు రాలాయి. సిదోనీ కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

యులాలీ సీసా ఫిర్మాన్ చేతిలో పెట్టింది. "పాత రొట్టెలాయన పులిపిండి, రొట్టె పొంగించే తోడు. వారం వారం గురువారం పిండి పెట్టి బతికించాను. నా పిల్లికన్నా ఎక్కువ తింది."

ఫిర్మాన్ మూత తీసి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. "బతికే ఉంది" అన్నాడు పెళ్ళాంతో, సీసా ఆవిడ ముందుకి చాపి.

సిదోనీ వరస వైపు తిరిగింది. "ఇవాళ సెలవు. వచ్చే నెల మూడో మంగళవారం రండి, పొద్దున ఏడింటికి. ముసలమ్మగారు ముందు."

ఊరు ఊరంతా కేకలేసింది. ముసలాళ్ళు ఇనుప గుళ్ళు ఒకదానికొకటి కొట్టారు. మేయర్ మెడలోని తువ్వాలు గాల్లోకి విసిరాడు. బెరాంజేర్ ఆ మేయర్‌నే, రొట్టెల మెషీన్ పెట్టించాడని రెండేళ్ళుగా తిడుతున్న మేయర్‌నే, కావలించుకుని ముద్దు పెట్టింది. బడి చూడకుండానే పిల్లల్ని ఆ బడిలో చేర్చిన తల్లిదండ్రులు ప్రపంచంలో వీళ్ళొక్కరే అయుంటారు. జూన్ ఇరవై ఎనిమిదిన పన్నెండు, పదమూడు, పద్నాలుగు అని పట్టీలో తన చేత్తో రాసుకుని, సిరా ఆరేదాకా ఊదింది బెరాంజేర్.

జూలై పద్నాలుగున మళ్ళీ సెలవు. కొట్టు తెరిచేసరికి ముందు బట్టీ వీధి లేదు, చర్చి మెట్ల దారి వచ్చి కూర్చుంది. జనం ఆ మెట్ల మీదే వరస కట్టారు. బెరాంజేర్ రొట్టె చంకన పెట్టుకుని ఏటి వైపు నడిచింది. అక్కడ చెట్ల నీడలో, తోళ్ళ వీధి పక్కన, బట్టీ వీధి ఒళ్ళు తెలీకుండా పడుకుని ఉంది. దాని గాడిలో ఇంకా పిండి తెల్లగా ఉంది. ఆవిడ చెప్పులు విప్పి చేత పట్టుకుని, దాన్ని తొక్కకుండా గడ్డిలోంచి చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళింది.